సునాదం: పలు భాషల గొంతులు, ఒకే కానుక



నవంబరు నెల వచ్చిందంటే మా కార్యాలయానికి ఒకే రకం ఉత్తరాలు, ఫోన్లు మొదలవుతాయి. "అయ్యగారూ, ఈ ఏడు మా ఊళ్లో నాలుగు సంఘాలం కలిసి క్రిస్మస్ పాటల కూడిక పెట్టుకుంటున్నాం. వచ్చిన కానుక బీదలకు ఇవ్వాలని తీర్మానించాం. ఎలా జరిపితే బాగుంటుందో చెప్పండి" అని అడుగుతారు. నాలుగు సంఘాలంటే చాలాచోట్ల నాలుగు భాషలు, నాలుగు అలవాట్లు. సికింద్రాబాద్ లాంటి ఊళ్లో ఒక వీధిలోనే తెలుగు, తమిళం, మలయాళం, ఇంగ్లిష్ ఆరాధనలు జరుగుతాయి. శ్రీకాకుళం, మన్యం జిల్లాల్లో కొండమీద సవర భాషలో పాడే సంఘాలు, కింద మైదానంలో తెలుగు సంఘాలు ఉన్నాయి. గల్ఫ్‌కు పనికి వెళ్లిన మనవారు ఒకే ఆవరణలో ఫిలిప్పీన్స్, కేరళ, ఆఫ్రికా విశ్వాసుల పక్కగదిలో ఆరాధించుకుంటారు. ఇంతమంది కలిసి పాడి, ఆ పాటతో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టగలిగితే అంతకన్నా కావలసిందేముంది?

అయితే ఆ అయ్యగార్లకు జవాబు రాయబోయే ముందు మాకొక పాత సంగతి గుర్తుకొస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో ఇలాంటి ఐక్య కూడిక జరిగింది. కార్యక్రమ పట్టిక వేసినవారిలో మేమూ ఉన్నాం. నాలుగు క్వయర్లు నాలుగు వ్యాన్లలో వచ్చాయి. ఒక్కొక్కరు మూడేసి పాటలు పాడారు. తమ వంతు అవగానే వ్యాను ఎక్కారు. ఆఖరి క్వయర్ పాడేసరికి ముందు వరుసలో ఖాళీ కుర్చీలే మిగిలాయి. ఆ ముందు వరుసలోనే ఓ పక్కగా, కానుక అందుకోవలసిన హాస్టల్ పిల్లలు కూర్చుని ఉన్నారు. చివర్లో వాళ్లను వేదికమీదికి పిలిచి కవరు చేతికిచ్చి ఫొటో తీశాం. వేదికకు, మైకులకు, భోజనాలకు పోగా ఆ కవరులో మిగిలింది కొంచెమే. వెళ్లేటప్పుడు వార్డెన్ అమ్మగారు మెల్లగా అన్నారు: "పిల్లలు వారం రోజులనుంచి ఒక పాట నేర్చుకున్నారండీ. అడుగుతారేమో అనుకున్నాం."

మా పట్టికలో వాళ్లకు పాట లేదు. వాళ్లకు కవరు మాత్రమే ఉంది. ఆ తప్పు ఇంకెవరిదో కాదు, మాది. ఈ వారం రాస్తున్న నాలుగు మాటలు ఆ తప్పులోనుంచి నేర్చుకున్నవే.

పౌలు రాసిన ఒకే అధ్యాయంలో

భిన్న జాతులవారు ఒకే నోట పాడటం, భిన్న జాతులవారు కలిసి బీదలకు కానుక పంపటం – ఈ రెండూ బైబిలులో ఒకే అధ్యాయంలో పక్కపక్కన కనిపిస్తాయి. అది రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయం.

రోమా సంఘంలో యూదులు, అన్యజనులు కలిసి ఉన్నారు. ఏది తినాలి, ఏది తినకూడదు, ఏ దినాన్ని ఆచరించాలి అని వారిలో వివాదం. 14వ అధ్యాయమంతా ఆ గొడవ గురించే. 15వ అధ్యాయంలో పౌలు ఆ గొడవకు మందు చెబుతాడు: ఒకే మనస్సుతో, ఒకే నోటితో దేవుని మహిమపరచండి అంటాడు. ఆ వెంటనే పాత నిబంధనలోనుంచి నాలుగు వచనాలు ఎత్తి చూపుతాడు. ధర్మశాస్త్రంలోనుంచి, కీర్తనల్లోనుంచి, యెషయాలోనుంచి. మొదటి మూడింటిలోనూ స్తుతి ఉంది, సంతోషం ఉంది, అన్యజనులు ఉన్నారు. వారిలో ఒక వచనం అన్యజనులను దేవుని ప్రజలతో కలిసి సంతోషించమని పిలుస్తుంది. ప్రజల "కోసం" కాదు, ప్రజల "ఎదుట" కాదు, ప్రజలతో "కలిసి".

ఆ తర్వాత కొద్ది వచనాలకే పౌలు తన ప్రయాణం సంగతి చెబుతాడు. మాసిదోనియ, అకయ సంఘాలు యెరూషలేములోని బీద పరిశుద్ధులకోసం చందా పోగు చేశాయి, దాన్ని పట్టుకుని వెళుతున్నాను అంటాడు. అది దయ మాత్రమే కాదు, బాకీ కూడా అంటాడు. ఆత్మసంబంధమైన ఆస్తిలో పాలుపొందినవారు శరీరసంబంధమైన ఆస్తితో ఆ రుణం తీర్చుకోవాలని ఆయన లెక్క. ఇంకో మాట మనం తరచు దాటేసి చదువుతాం. 31వ వచనంలో పౌలు, ఈ కానుక యెరూషలేము పరిశుద్ధులకు ప్రీతికరమవ్వాలని ప్రార్థించమని కోరతాడు. ఇచ్చేవాడు పుచ్చుకునేవాని మనస్సు గురించి భయపడుతున్నాడు! కవరు చేతిలో పెట్టి ఫొటో తీసిన మాకు ఆ రోజు ఆ భయం కలగలేదు.

కాబట్టి మొదటి పాఠం ఇది. పౌలు దృష్టిలో పాటా కానుకా రెండు వేరు కార్యక్రమాలు కావు. ఒకే నోట పాడటం నేర్చుకున్నవారే ఒకరి లేమిని ఒకరు బాకీగా ఎంచగలరు.

డబ్లిన్‌లో విడుదలైన ఖైదీలు

సంఘచరిత్రలో దీనికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. మనం క్రిస్మస్‌కు, ఈస్టరుకు "హల్లెలూయ కోరస్" పాడుతుంటాం. అది హాండెల్ రాసిన "మెస్సయ్య"లోని భాగం. ఆ కృతి మొట్టమొదట వినిపించింది ధర్మకార్యం కోసమే అన్న సంగతి మన క్వయర్లలో చాలామందికి తెలియదు.

1742 ఏప్రిల్ 13న ఐర్లండ్‌లోని డబ్లిన్ నగరంలో, ఫిషాంబుల్ వీధిలో ఉన్న సంగీతశాలలో అది జరిగింది. సంగీతకర్త జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాడు. మాటలు ఇంగ్లిష్ బైబిలునుంచి చార్లెస్ జెన్నెన్స్ కూర్చినవి. పాడినది ఆ ఊరి రెండు కెథీడ్రళ్ల క్వయర్లు: సెయింట్ పాట్రిక్స్, క్రైస్ట్ చర్చ్. సెయింట్ పాట్రిక్స్‌కు అప్పుడు డీన్‌గా ఉన్నది "గలివర్ యాత్రలు" రాసిన జొనాథన్ స్విఫ్ట్. ఆయన మొదట తన గాయకులను ఆ సంగీతశాలకు పంపడానికి ఒప్పుకోలేదు. తర్వాత గాని వారు పాడలేదు. పక్కసంఘంతో కలవడానికి పెద్దలు ఇష్టపడకపోవడం కొత్త కథేమీ కాదన్నమాట!

జనం ఎక్కువమంది పట్టాలని ఆ రోజు స్త్రీలను వెడల్పు వలయాల గౌన్లు లేకుండా, పురుషులను కత్తులు లేకుండా రమ్మని ముందే ప్రకటించారు. ఆరువందలమంది పట్టే శాలలో సుమారు ఏడువందలమంది కూర్చున్నారు. వచ్చిన సొమ్ము దాదాపు 400 పౌన్లు మూడు భాగాలయింది: మెర్సర్స్ ఆసుపత్రికి ఒకటి, బీదల వైద్యశాలకు ఒకటి, అప్పు తీర్చలేక చెరసాలలో మగ్గుతున్నవారికి ఒకటి. ఆ మూడో భాగంతో 142 మంది ఖైదీలు విడుదలయ్యారు. తర్వాత 1750నుంచి లండన్‌లో హాండెల్ అదే కృతిని అనాథ శిశువుల ఆశ్రమమైన ఫౌండ్లింగ్ హాస్పిటల్ కోసం ఏటేటా పాడించాడు.

పెద్ద గౌను వదిలి, కత్తి వదిలి పక్కవానికి చోటివ్వడం – ఐక్య కూడికకు ఇంతకన్నా మంచి నియమం మాకు తోచదు. అయినా నిజం నిజంగా చెప్పుకోవాలి. ఆ రెండు క్వయర్లూ ఒకే ఆంగ్లికన్ శాఖకు చెందినవి. ఐర్లండ్‌లో అత్యధికులైన కాథలిక్కులు ఆ వరుసల్లో లేరు. చెరసాలలోని బీదవాడు విడుదల పొందాడు కానీ అతని పాట అక్కడ వినిపించలేదు. బీదవాడే పాటగాడై వచ్చి కానుక ఇచ్చిన రోజు చూడాలంటే మరి 129 ఏళ్లు ముందుకు, సముద్రం అవతల అమెరికాకు వెళ్లాలి.

బానిసల బిడ్డలు ఇచ్చిన మొదటి కానుక

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన తరువాత, 1866లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో ఫిస్క్ అనే పాఠశాల తెరిచారు. విడుదలైన నల్లజాతి ప్రజలు చదువుకోడానికి మిషనరీలు పెట్టిన బడి అది. పాత సైనిక ఆసుపత్రి కొట్టాలే తరగతి గదులు. అయిదేళ్లకే అప్పులు పెరిగి మూసివేసే స్థితి వచ్చింది. అప్పుడు బడి కోశాధికారి జార్జ్ వైట్ తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని 1871 అక్టోబరు 6న పాటల యాత్రకు బయలుదేరాడు. వారిలో చాలామంది బానిసలుగా పుట్టినవారే. పియానో వాయించి మిగతావారికి పాట నేర్పిన ఎల్లా షెపర్డ్‌ను ఆమె తండ్రి డబ్బిచ్చి బానిసత్వంనుంచి విడిపించుకున్నాడు.

బయలుదేరిన కొద్దిరోజులకే షికాగో నగరం తగలబడింది. వేలమంది నిరాశ్రయులయ్యారు. ఈ విద్యార్థుల చేతిలో దారి ఖర్చులకే డబ్బు లేదు. వేసుకోడానికి సరైన చలిబట్టలు లేవు. అయినా ఒహాయో రాష్ట్రం చిల్లికాతీలో పాడగా వచ్చిన మొదటి సొమ్ము, యాభై డాలర్ల లోపు, షికాగో బాధితులకు ఇచ్చేశారు. మాసిదోనియ సంఘాలు నిరుపేదలై ఉండి కూడా విస్తారంగా ఇచ్చాయని పౌలు 2 కొరింథీ 8లో సాక్ష్యమిస్తాడు కదా. అలాంటి సాక్ష్యమే ఇది. తమ బడిని బతికించుకోడానికి చెయ్యి చాచి వచ్చినవారు ముందు ఆ చేత్తోనే ఇచ్చారు.

మొదట్లో వారు తెల్లవారికి అలవాటైన పాటలే పాడేవారు. తోటల్లో, గుడిసెల్లో తమ తల్లిదండ్రులు కన్నీళ్లతో పాడుకున్న ఆత్మీయ గీతాలను బయటివారి ఎదుట పాడటానికి వారికి మనసొప్పలేదు. అవి బానిసత్వపు చీకటితో ముడిపడినవి, పైగా పెద్దల ప్రార్థనలంత పవిత్రమైనవి. అదే ఏడు నవంబరులో ఓబర్లిన్‌లో సంఘనాయకుల మహాసభ జరుగుతుంటే, సందడి మధ్య వారు మెల్లగా ఆ పాటల్లో ఒకటి ఎత్తుకున్నారు. సభ నిశ్శబ్దమైపోయింది. అప్పటినుంచి ఆ పాటలే వారి సొంత గుర్తింపయ్యాయి. 1873లో ఇంగ్లండ్ వెళ్లి విక్టోరియా రాణి ఎదుట పాడారు. పాటతో వచ్చిన డబ్బుతో కట్టిన జూబ్లీ హాల్ 1876 జనవరి 1న ప్రారంభమైంది. ఈనాటికీ నిలిచి ఉంది. దారిలో హోటళ్లవారు రంగు చూసి గది ఇవ్వని రాత్రులున్నాయి. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆరోగ్యం పాడైనవారున్నారు. వారి త్యాగాన్ని మనం తేలిగ్గా చెప్పుకోకూడదు.

వారు పెట్టుకున్న పేరు ఫిస్క్ జూబ్లీ సింగర్స్. జూబ్లీ అనే మాట లేవీయకాండము 25లోనిది. మన తెలుగు బైబిలులో ఆ మాటకు పెట్టిన పేరు "సునాదం". యాభయ్యవ ఏట పొట్టేలు కొమ్ము బూర ఊదితే అప్పుల్లో అమ్ముడుపోయినవాడు విడుదలై ఇల్లు చేరేవాడు. శబ్దానికి, విడుదలకు దేవుడు వేసిన ముడి అది. మన పూర్వ అనువాదకులు ఆ నాదాన్ని మాటలోనే నిలిపారు. డబ్లిన్‌లో పాటకు చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. నాష్‌విల్‌లో పాటతో బడి నిలిచింది. మన ఐక్య గాన కూడికలో కూడా ఎవరో ఒకరు ఏదో ఒక బంధకంనుంచి ఇల్లు చేరాలి. లేకపోతే అది శబ్దమే అవుతుంది, సునాదం కాదు.

దారి తప్పిన ఒక యాత్ర

పాట గొప్పదే, ఉద్దేశం మంచిదే, అయినా చెడిపోయిన కథ కూడా చెప్పాలి. 1890లో అమెరికానుంచి ఒక జూబ్లీ గాయకబృందం దక్షిణాఫ్రికా వెళ్లింది. వారి పాట విని ఉత్సాహపడిన అక్కడి క్రైస్తవ యువతీయువకులు తమ దేశంలో వృత్తివిద్యా పాఠశాలలకు డబ్బు సంపాదించాలని 1891లో లండన్ ప్రయాణమయ్యారు. వారిని ఆఫ్రికన్ క్వయర్ అన్నారు. విక్టోరియా రాణి ఎదుట వారు కూడా పాడారు. కార్యక్రమంలో ఒక భాగంలో వారికి తోళ్లు, పూసలు కట్టి "ఆటవిక" వేషం వేయించేవారు. ఇంకో భాగంలో ఇంగ్లిష్ దుస్తులు వేసి ఇంగ్లిష్ పాటలు పాడించేవారు. వారు మిషన్ పాఠశాలల్లో చదువుకున్నవారు, ఉపాధ్యాయులు. చూడవచ్చినవారికి మాత్రం వింత కావాలి.

చివరికి యాత్ర నడిపినవారు అప్పులు మిగిల్చి గాయకులను లండన్‌లో వదిలేశారు. బడికోసం వచ్చినవారు ఇంటికి వెళ్లే దారి ఖర్చుకు తడుముకోవలసి వచ్చింది. ఆ బృందంలోని షార్లెట్ మాన్యే అనే యువతి తరువాత మరో యాత్రలో అమెరికా వెళ్లి అక్కడా అలాగే నిలిచిపోతే, ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘంవారు ఆదుకుని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో చదివించారు. ఆమే షార్లెట్ మాక్సెకేగా దక్షిణాఫ్రికాలో మహిళల హక్కులకోసం నిలబడి, 1918లో బంటు విమెన్స్ లీగ్‌ను స్థాపించింది. దేవుడు చెడులోనుంచి మేలు తీశాడు. అయితే ఆ చెడు ఎక్కడ పుట్టిందో మనం గుర్తుపెట్టుకోవాలి: ఒకటి, పాడేవారిని ప్రదర్శనగా మార్చడంలో; రెండు, లెక్క గాయకుల చేతిలో లేకపోవడంలో.

గొంతులు ఎలా కలుస్తాయి?

ఇక ఉత్తరాలు రాసే అయ్యగార్లకు, క్వయర్ మాస్టర్లకు పనికొచ్చే సంగతులు. ఒకరి తర్వాత ఒకరు పాడటం కలిసి పాడటం కాదు. కనీసం రెండు పాటలైనా అందరూ కలిసి నిలబడి పాడాలి. అవి ఎవరి అలవాటుకూ పూర్తిగా చెందనివి కాకుండా, ఒక్కొక్కటి ఒక్కొక్కరి ఇంటిదై ఉండాలి. తమిళులు మన కీర్తన నేర్చుకోవాలి, మనం వారిది నేర్చుకోవాలి. బ్రిటన్‌లో "సింగ్ ఫర్ వాటర్" అనే పేరుతో, మంచినీటి పథకాలు నడిపే వాటర్‌ఎయిడ్ సంస్థకోసం పాడే సామాన్య ప్రజల క్వయర్లు ఈ పద్ధతినే పాటిస్తాయి. రకరకాల దేశాల పాటలను ఎవరి ఊళ్లో వారు ముందే నేర్చుకుని, ఆ రోజు ఒకచోట చేరి ఒకే క్వయర్‌గా పాడతారు.

మన దగ్గర వచ్చే మొదటి చిక్కు సంగీతానిది. మన "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" తెరిచి చూడండి. పురుషోత్తమ చౌధరి వంటివారి కీర్తనలపైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఇంగ్లిష్ బాణీలో తర్జుమా చేసిన పాటలు వేరే దారివి. రాగంలో ఉన్న కీర్తన ఒకే వరుసగా, గమకాలతో నడుస్తుంది. ఇంగ్లిష్ క్వయర్ నాలుగు గొంతులు నాలుగు వరుసలు పాడి కలుపుతుంది. కీర్తనకు బలవంతంగా నాలుగు వరుసలు అతికిస్తే రాగం చచ్చిపోతుంది. అందరూ ఒకే వరుసలో పాడండి. నాలుగు గొంతులు తెలిసినవారు అడుగున షడ్జమం, పంచమం పట్టుకుని తంబూరాలాగా నిలబడితే చాలు, కీర్తన చెడదు, వారి బలమూ వృథా కాదు. వారి పాట వచ్చినప్పుడు మనవారు ప్రధాన వరుసను మాత్రమే పాడాలి, గమకాలు తగ్గించుకోవాలి. శ్రుతి ఎవరికీ మరీ ఎక్కువ, మరీ తక్కువ కాకుండా ముందే కుదుర్చుకోవాలి. దప్పు, తబలా, కీబోర్డు ఏ పాటకు ఏవి ఉండాలో సాధనలోనే తేల్చుకోవాలి.

రెండో చిక్కు ఉచ్చారణ. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. కాబట్టి మన పాటను తమిళంలో రాసుకుని చదివితే "గానం" కాస్తా "కానం" అయ్యే ప్రమాదముంది. తమిళ, మలయాళాల్లో నాలుక మడిచి పలికే ఒక ధ్వనికి మన లిపిలో ఈనాడు అక్షరమే లేదు. దాన్ని కాగితంమీద నేర్చుకోలేం. పక్కన నిలబడి, వారి నోరు చూసి నేర్చుకోవాలి. అందుకే సాధనలో తెలుగువారందరినీ ఒక మూల, తమిళులందరినీ ఒక మూల నిలబెట్టవద్దు. ఒకరి పక్కన ఒకరిని కలిపి నిలబెట్టండి. మన భాషలోని మాటను పక్కవాడు తప్పుగా పలికి నవ్వితే, వారి మాటను మనం తప్పుగా పలికి నవ్వితే, ఆ నవ్వుల్లో తెగేంత గోడ వంద ప్రసంగాలతో తెగదు. అయిదారు సాధనలైనా లేకుండా ఐక్య గానం పెట్టుకోవద్దని మా సలహా. వేదికమీద గడిపే రెండు గంటలకన్నా సాధనలో కలిసి టీ తాగిన సాయంత్రాలే సంఘాలను కలుపుతాయి.

పల్లవి అందరూ ఒకే భాషలో, చరణాలు ఎవరి భాషలో వారు పాడటం మంచి పద్ధతి. అలాగే కానుక పుచ్చుకునేవారు పిల్లలైనా, వృద్ధులైనా, వరదబాధితులైనా, వారు ఇష్టపడితే వారి పాటకూ పట్టికలో చోటుండాలి. వారు ఇష్టపడకపోతే వారిని వేదికమీదికి పిలవనే వద్దు.

కానుక లెక్క

సంగీతంలో శ్రుతి ఎంత ముఖ్యమో ధర్మకార్యంలో లెక్క అంత ముఖ్యం. పౌలు ఒంటరిగా ఆ చందా మోసుకుపోలేదు. కొరింథీయులకు రాస్తూ, ప్రతి ఆదివారం కొంత ఎత్తిపెట్టండి, దాన్ని తీసుకుపోవడానికి మీరే మనుషులను ఎంచుకోండి అన్నాడు. తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన సహోదరులను పంపాడు. దేవుని ఎదుటనే కాదు, మనుష్యుల ఎదుట కూడా నిందకు తావుండకూడదన్నది ఆయన పట్టుదల. అపొస్తలుడే అంత జాగ్రత్త పడితే మనమెంత?

కాబట్టి వేదిక, మైకులు, భోజనాల ఖర్చును కానుకలోనుంచి తీయకండి. ముందే పాల్గొనే సంఘాలు పంచుకోవాలి, లేదా దాతలు భరించాలి. అలా చేయలేకపోతే వేదిక చిన్నది చేసుకోండి. మైకు లేకుండా పాడినా దేవునికి వినిపిస్తుంది. పళ్లెంలో పడిన ప్రతి రూపాయి బీదలకే వెళుతుందని ప్రకటించగలిగితే పళ్లెం బరువే మారుతుంది. లెక్క పెట్టేవారు వేర్వేరు సంఘాలనుంచి ఉండాలి. ఎంత వచ్చింది, ఎవరికి వెళ్లింది అన్నది తరువాతి ఆదివారమే అన్ని ఆలయాల్లో, అన్ని భాషల్లో చదివి వినిపించాలి.

విదేశాల్లో ఉన్న మన సంఘాలకు ఒక మాట. చాలా గల్ఫ్ దేశాల్లో ప్రభుత్వ అనుమతి లేకుండా విరాళాలు పోగు చేయడం చట్టవిరుద్ధం. విదేశీయులు ఇచ్చిన సొమ్ము ఇండియాలోని సంస్థకు పంపాలంటే ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మంచి పని కదా అని నియమం తప్పితే, సాయం పొందవలసినవారే చివరికి చిక్కుల్లో పడతారు. పాటకు ముందే ఈ సంగతి కనుక్కోండి.

ఇంకొకటి. ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని ప్రభువు మత్తయి 6లో హెచ్చరించాడు. లేవీయకాండములో బూర ఊదమని చెప్పినది, ఇక్కడ వద్దని చెప్పినది ఒకే దేవుడు. తేడా బూరలో లేదు. అప్పులవాని విడుదలకోసం ఊదితే సునాదం. మన పేరుకోసం ఊదితే వేషధారణ. ఫ్లెక్సీమీద ఎవరి ఫొటో ఎంత పెద్దదిగా ఉండాలని కమిటీలో వాదన మొదలైతే, ఏ బూర ఊదుతున్నామో అక్కడే తెలిసిపోతుంది.

పక్కవీధి పాట

చివరిగా ఒక కష్టమైన మాట. భిన్న సంస్కృతులంటే మనకు వెంటనే కేరళ, ఆఫ్రికా, ఇంగ్లండ్ గుర్తుకొస్తాయి. కానీ ఒకే ఊళ్లో, ఒకే భాష మాట్లాడుతూ, ఒకే కీర్తనల పుస్తకం పట్టుకుని, కులం పేరున రెండు పేటల్లో రెండు ఆలయాలుగా ఉండి, ఏళ్ల తరబడి ఒక్కసారైనా కలిసి పాడని సంఘాలు మన మధ్య ఉన్నాయి. తమిళ కన్వెన్షనుకు వ్యాను కట్టుకుని వెళతాం, పక్కపేటకు నడిచి వెళ్లం. 1912లో ఇండియాకు మొదటి దేశీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. ఆయన దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, పల్లెల్లోని అట్టడుగు జనం మధ్య తన జీవితమంతా గడిపాడు. ఒక తమిళుడు మనకోసం నాలుక తిప్పుకోగలిగితే, మనం పక్కపేట గుమ్మం తొక్కలేమా?

ఈ క్రిస్మస్‌కు ఐక్య కూడిక పెట్టుకునే ప్రతి సంఘాన్నీ మేము బతిమాలుకునేది ఒక్కటే. మొదటి ఆహ్వానం దూరపు క్వయర్‌కు కాదు, అంతవరకూ పిలవని దగ్గరి సంఘానికి పంపండి. వారి పాట ఒకటి నేర్చుకోండి. కానుక పుచ్చుకునేవారిని ముందు వెళ్లి కలవండి, వారికేం కావాలో అడగండి, వారు కూడా పాడతారేమో అడగండి. ఆనాడు వారం రోజులు పాట నేర్చుకుని పాడకుండానే వెళ్లిపోయిన ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవారై ఉంటారు. ఆ పాట ఏదో మేము ఇప్పటికీ వినలేదు. మీ ఊళ్లో అలాంటి పాట వినకుండా మిగిలిపోకూడదు.

ప్రతి జనములోనుంచి, ప్రతి భాషలోనుంచి వచ్చినవారు సింహాసనం ఎదుట నిలబడి స్తుతించే దినాన్ని ప్రకటన 7వ అధ్యాయంలో యోహాను చూశాడు. అక్కడ వంతులవారీ పట్టిక ఉండదు. ఎవరి వ్యానూ ముందుగా బయలుదేరదు. ఆ పాటకు ఇక్కడ, ఈ డిసెంబరులో, మన పక్కవారి పాటతో సాధన మొదలుపెడదాం.

మన నోళ్లను ఏకం చేసే దేవుడు మన చేతులను కూడా తెరచును గాక. ఆమేన్.